‘సీఐఎఫ్ పోర్ట్ క్లాంగ్’ అని వచ్చిన ఆర్డరు: ఒప్పుకునే ముందు ఒక్కో మాట వెనక ఏముందో చూడండి

మీ ప్రశ్న ఇది. గుంటూరు నుంచి మలేషియాకు నలభై అడుగుల హై క్యూబ్ కంటైనర్ ఒకటి, తొడిమ తీసిన తేజ మిర్చి. ధర సీఐఎఫ్ పోర్ట్ క్లాంగ్. 30 శాతం అడ్వాన్సు, మిగతా 70 శాతం బీఎల్ కాపీ చూశాక. ఫార్మ్ ఏఐ, ఫైటో సర్టిఫికెట్ కావాలి. అక్కడ 14 రోజులు ఫ్రీ డిటెన్షన్. ‘సగం మాటలు అర్థం కాలేదు, ధర మాత్రం బాగుంది, ఒప్పేసుకోవచ్చా? చైనా నుంచి కలర్ సార్టర్ (కాయలను రంగును బట్టి వేరుచేసే మెషీన్) తెప్పించుకుంటే డ్యూటీ ఎలా లెక్కేస్తారు?’ అని అడిగారు.

చెన్నైలో కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో ఎగుమతి కాగితాలు చూడటమే చాలా ఏళ్లుగా నా పని. ఇలాంటి ఆర్డర్లు రోజూ చూస్తుంటాను. ధర బాగుందో లేదో ఈ మాటలు అర్థమయ్యాకే తెలుస్తుంది. ఇందులో ప్రతి మాటా మూడు విషయాల్లో ఏదో ఒకదాన్ని తేలుస్తుంది: ఖర్చు ఎవరిది, నష్టం వస్తే ఎవరి నెత్తిన పడుతుంది, సరుకు ఎవరి చేతిలో ఉంది. ఈ మూడూ ఒకేచోట చేతులు మారవు. కొత్తవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే.

ముందు సీఐఎఫ్ సంగతి. ఇలాంటి మూడక్షరాల మాటలన్నీ ఇన్‌కోటర్మ్స్ అనే నియమావళిలోవి. పారిస్‌లోని ఇంటర్నేషనల్ చాంబర్ ఆఫ్ కామర్స్ వాటిని 1936లో మొదటిసారి ప్రచురించింది. ఇప్పుడు వాడుకలో ఉన్నది 2020 జనవరి 1న అమల్లోకి వచ్చిన కూర్పు. అందులో 11 నియమాలున్నాయి. కూర్పు మారితే బాధ్యతలూ కొంత మారతాయి కాబట్టి ‘సీఐఎఫ్ పోర్ట్ క్లాంగ్, ఇన్‌కోటర్మ్స్ 2020’ అని ఏడాదితో సహా రాయించుకోండి.

సీఐఎఫ్ అంటే సరుకు ఖరీదు, ఇన్సూరెన్సు, ఓడ కిరాయి మూడూ కలిపిన ధర. మలేషియా రేవు పోర్ట్ క్లాంగ్ దాకా కిరాయి మీరే కట్టాలి. దాంతో అక్కడిదాకా బాధ్యత కూడా మీదేనని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. చెన్నైలో సరుకు ఓడెక్కిన క్షణం నుంచి నష్టభయం కొనుగోలుదారుడిది. నడిసముద్రంలో ఏమైనా అయితే ఇన్సూరెన్సు క్లెయిము చేసుకోవాల్సింది అతనే, మీకు రావాల్సిన డబ్బు మీకు రావాలి. ఎఫ్‌ఓబీలో (సరుకు ఓడెక్కించేదాకా అయ్యే ఖర్చులే కలిపిన ధర) కూడా నష్టం చేతులు మారేది ఇదే చోట, ఓడ మీద. తేడా ఏమిటంటే ఎఫ్‌ఓబీ అయితే ఓడ కిరాయి, ఇన్సూరెన్సు కొనుగోలుదారుడు చూసుకుంటాడు. ఇన్సూరెన్సు లేకుండా కిరాయి మాత్రం మీరు కడితే అది సీఎఫ్‌ఆర్.

అందుకే మీ ఎఫ్‌ఓబీ ధర ఎంతో ముందు విడిగా లెక్క వేసుకోండి. యార్డులో కొన్న ధర, తొడిమ తీసిన కూలి, ప్యాకింగ్, చెన్నైకి లారీ కిరాయి, టెర్మినల్ చార్జీలు, బ్రోకర్ ఫీజు, పరీక్షల ఖర్చు అన్నీ అందులోకి రావాలి. దాని మీద ఓడ కిరాయి, ఇన్సూరెన్సు కలిపితే సీఐఎఫ్. ఓడ కిరాయి వారం వారం మారుతుంది. కోట్ ఇచ్చేటప్పుడు ఎన్ని రోజులు చెల్లుతుందో రాయకపోతే కిరాయి పెరిగినప్పుడు ఆ తేడా మీ లాభంలోంచే పోతుంది. ఇంకొకటి, కిరాయి కంటైనర్ లెక్కన ఉంటుంది, టన్ను లెక్కన కాదు. ఎండు మిర్చి బరువు తక్కువ, ఆక్రమించే చోటు ఎక్కువ. నలభై అడుగుల హై క్యూబ్‌లో సుమారు 76 ఘనపు మీటర్ల చోటుంటుంది. మీ ప్యాకింగ్‌తో ఎన్ని టిక్కీలు (బస్తాలు) పడతాయో లోడింగ్ మేస్త్రీని అడిగి తెలుసుకున్నాకే టన్ను ధర చెప్పండి.

షిప్పింగ్ బిల్లులోనూ (ఎగుమతికి కస్టమ్స్‌కు ఇచ్చే డిక్లరేషన్), ఇన్‌వాయిస్‌లోనూ ఎఫ్‌ఓబీ ధర, ఓడ కిరాయి, ఇన్సూరెన్సు మూడింటినీ విడదీసి చూపించాలి. ఎగుమతికి కస్టమ్స్ చూసే విలువ ఎఫ్‌ఓబీ. మీ సరుకుకు డ్రాబ్యాక్, ఆర్‌ఓడీటీఈపీ లాంటి, కట్టిన పన్నులు తిరిగి ఇచ్చే రాయితీలు వర్తిస్తే అవీ సాధారణంగా ఆ విలువ మీదే లెక్కిస్తారు.

ఇన్సూరెన్సు దగ్గర కాస్త ఆగుదాం. సీఐఎఫ్‌లో అమ్మేవాడు తీసుకోవాల్సింది కనీస పాలసీ మాత్రమే. దాన్ని ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజ్ ‘సీ’ అంటారు. ఒప్పందం విలువకు 110 శాతానికి తీసుకోవాలి. అంటే సరుకు 40,000 డాలర్లయితే పాలసీ 44,000 డాలర్లకు. ‘సీ’లో అగ్నిప్రమాదం, ఓడ మునగడం, ఢీకొనడం లాంటి పెద్ద ప్రమాదాలే ఉంటాయి. దొంగతనం, వాననీళ్లు కంటైనర్లోకి దిగడం లాంటివి ఉండవు. మిర్చికి అసలు శత్రువు తేమ కదా! అందుకని క్లాజ్ ‘ఏ’ తీసుకుంటానని కొనుగోలుదారుడికి చెప్పి, ఆ ప్రీమియం తేడాను ధరలో కలపండి. అప్పుడు కూడా మిర్చిలోనే తేమ ఎక్కువుండి బూజు పడితే, సరుకు స్వభావం వల్ల వచ్చిన నష్టమని కంపెనీ క్లెయిము తిప్పికొట్టే అవకాశముంది. లోడింగ్‌కు ముందు తేమ శాతం పరీక్ష చేయించి, ఆ రిపోర్టు దాచుకోండి.

పాలసీ మీద ‘జనరల్ యావరేజ్’ అనే మాట కనిపిస్తుంది. ఓడనూ, అందులోని సరుకునూ ఆపద నుంచి కాపాడటానికి కావాలని చేసిన ఖర్చునో, త్యాగాన్నో ఓడ యజమానితో పాటు సరుకు యజమానులందరూ తలా కొంత భరించాలన్నది పాత సముద్ర న్యాయం. 2021 మార్చిలో సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ ఓడ ఆరు రోజులు అడ్డంగా ఇరుక్కుపోయింది గుర్తుందా? దాని యజమాని జనరల్ యావరేజ్ ప్రకటించాడు. ఓడ జులై దాకా ఈజిప్టు దాటలేదు. తమ పెట్టె చెక్కుచెదరకపోయినా వాటా కడతామని హామీ ఇచ్చాకే సరుకు విడిపించుకోవాలి. ఇన్సూరెన్సు ఉంటే ఆ హామీ కంపెనీ ఇస్తుంది. క్లాజ్ ‘సీ’లో కూడా ఈ రక్షణ ఉంటుంది.

మీ తర్వాతి ఆర్డరు కోసం ఒక సలహా. నిజానికి ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్ రెండూ కంటైనర్లకు అంతగా సరిపోవు. మీరు కంటైనర్‌ను టెర్మినల్‌కు అప్పగించిన కొన్ని రోజులకు గానీ అది ఓడెక్కదు. ఆ రోజుల్లో సరుకు మీ చేతిలో లేదు, నష్టభయం మాత్రం మీదే. ఎఫ్‌సీఏలోనూ, దానికి కిరాయి, ఇన్సూరెన్సు కలిసిన సీఐపీలోనూ రవాణాదారుకు అప్పగించగానే భారం దిగిపోతుంది. సీఐపీకి 2020 కూర్పులో క్లాజ్ ‘ఏ’ తప్పనిసరి చేశారు కూడా. ‘గోడౌన్ ధర’కు అమ్ముతానని ఈఎక్స్‌డబ్ల్యూ మాత్రం రాయకండి. ఆ నియమం ప్రకారం ఇక్కడి ఎగుమతి క్లియరెన్స్ కొనుగోలుదారుడే చేసుకోవాలి. ఐఈసీ (ఎగుమతి, దిగుమతులు చేసేవాళ్లకు మన దగ్గర ఇచ్చే కోడ్) లేని విదేశీయుడు మన దగ్గర షిప్పింగ్ బిల్లు ఎలా వేస్తాడు? చివరికి అన్నీ మీ పేరు మీదే జరుగుతాయి, ఒప్పందంలో మాత్రం దానికి ధర ఉండదు.

ఇప్పుడు 70 శాతం డబ్బు వేలాడుతున్న మాటకు వద్దాం, బీఎల్. అంటే బిల్ ఆఫ్ లేడింగ్. మీ ఆర్డరులో అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది ఇదే.

బీఎల్ మూడు పనులు చేస్తుంది. సరుకు అందిందని షిప్పింగ్ లైన్ ఇచ్చే రసీదు అది. రవాణా ఒప్పందానికి సాక్ష్యం. మూడోది సరుకు మీద హక్కు పత్రం. మామూలుగా మూడు ఒరిజినల్స్ ఇస్తారు. అక్కడ వాటిలో ఒకటి అప్పగిస్తేనే లైన్ డెలివరీ ఆర్డర్ ఇస్తుంది. కాబట్టి డబ్బు అందేదాకా ఒరిజినల్స్ మీ దగ్గరో, మీ బ్యాంకు దగ్గరో ఉన్నంతవరకూ సరుకు మలేషియాలో దిగినా దాని తాళం మీ చేతిలో ఉన్నట్టే. కొనుగోలుదారుడు స్కాన్ కాపీ చూసి 70 శాతం పంపుతాడు, డబ్బు మీ ఖాతాలో పడ్డాక ఒరిజినల్స్ కొరియర్ చేస్తారు. ఈ పద్ధతి తప్పేమీ కాదు, చాలా వ్యాపారం ఇలాగే నడుస్తోంది. అయితే బీఎల్ ఏ రకందో చూసుకోవాలి.

కన్సైనీ (సరుకు అందుకునేవాడు) గడిలో నేరుగా కొనుగోలుదారుడి పేరు రాయించకండి. ‘టు ఆర్డర్’ అని రాయించి, నోటిఫై పార్టీ (ఓడ వచ్చిందని కబురు అందాల్సినవాడు) గడిలో అతని పేరు పెట్టండి. అప్పుడు మీరు వెనక సంతకం పెట్టి ఇచ్చేదాకా అది ఇంకొకరి పేరు మీదికి మారదు, అవసరమైతే వేరే కొనుగోలుదారుడికీ ఇవ్వొచ్చు. ‘సీ వేబిల్’ అడిగితే ఒప్పుకోవద్దు. అది హక్కు పత్రం కాదు, కన్సైనీగా పేరున్నవాడు ఒరిజినల్ ఏదీ చూపించకుండానే సరుకు తీసుకెళ్తాడు. విమానంలో పంపితే ఇచ్చే ఎయిర్ వేబిల్ కూడా అంతే. ‘టెలెక్స్ రిలీజ్’ అంటే ఒరిజినల్స్ ఇక్కడే లైన్‌కు సరెండర్ చేస్తే, అక్కడ కాగితం లేకుండా సరుకు వదలమని వాళ్లు కబురు పంపుతారు. ఓడ నాలుగైదు రోజుల్లో చేరిపోయే దగ్గరి దేశాలకు అది సౌకర్యమే. కానీ డబ్బు పడ్డాక మాత్రమే చేయాలి. ‘ఓడ వచ్చేసింది, డెమరేజ్ పడుతోంది, ముందు రిలీజ్ చేయండి, సాయంత్రానికి పంపుతా’ అని ఫోన్లు వస్తాయి. బ్యాంకు స్లిప్పు ఫోటో పంపినా సరే, మీ ఖాతాలో పడిందని బ్యాంకు చెప్పేదాకా కదలకండి.

‘మాస్టర్’, ‘హౌస్’ అని బీఎల్‌లు రెండు రకాలు. షిప్పింగ్ లైన్ ఇచ్చేది మాస్టర్, మధ్యలో ఫార్వర్డర్ (రవాణా ఏర్పాట్లు చేసే ఏజెంటు) ఇచ్చేది హౌస్. ఎఫ్‌ఓబీలో కొనుగోలుదారుడు పెట్టిన ఫార్వర్డర్ దగ్గర హౌస్ బీఎల్ తీసుకుంటే, సరుకు నిజమైన తాళం అతని ఏజెంటు చేతిలో ఉంటుంది. ఒరిజినల్ లేకుండానే డెలివరీ జరిగిపోయిన కేసులు మా వృత్తిలో అందరూ ఎరుగుదురు. మీరు సీఐఎఫ్‌లో ఉన్నారు కాబట్టి లైన్‌ను ఎంచుకునేది మీరే. ఆ సౌలభ్యం వాడుకుని మాస్టర్ బీఎల్ తీసుకోండి. ‘షిప్డ్ ఆన్ బోర్డ్’ అన్న ముద్ర, తేదీ ఉన్నాయో లేదో చూడండి. ‘రిసీవ్డ్ ఫర్ షిప్‌మెంట్’ అని మాత్రమే ఉంటే సరుకు ఇంకా ఓడెక్కనట్టు.

రేపు ఎవరైనా లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ, అంటే కాగితాలు సరిగ్గా ఇస్తే డబ్బు చెల్లిస్తానన్న బ్యాంకు హామీ) ఇస్తామంటే ఒక్కటి తెలుసుకోండి. బ్యాంకు చూసేది కాగితాలనే, సరుకును కాదు. ఎల్‌సీలో ఉన్న వర్ణనకూ, మీ ఇన్‌వాయిస్‌కూ పొంతన లేకపోతే సరుకు ఎంత బాగున్నా చెల్లింపు ఆగుతుంది.

ఇక కస్టమ్స్. అన్నిటికీ మూలం హెచ్‌ఎస్ కోడ్. వరల్డ్ కస్టమ్స్ ఆర్గనైజేషన్ నడిపే ఈ వర్గీకరణ 1988 నుంచి అమల్లో ఉంది. మొదటి ఆరు అంకెలు అన్ని దేశాలకూ ఒకటే, ఆ తర్వాత ఎవరి అంకెలు వాళ్లవి. మన దగ్గర మొత్తం ఎనిమిది. ఎండు మిర్చి కాయ 090421, అదే దంచినా, పొడి చేసినా 090422. పచ్చిమిర్చి అయితే 070960, కూరగాయల అధ్యాయంలోకి పోతుంది. సరుకు ఒకటే అనిపించినా సుంకం, పరీక్షలు, రాయితీలు అన్నీ కోడ్‌ను బట్టి మారతాయి. మీ ఇన్‌వాయిస్, షిప్పింగ్ బిల్లు, ఫార్మ్ ఏఐ, బీఎల్ అన్నిట్లో ఆ ఆరు అంకెలు ఒకటే ఉండాలి. అక్కడి కోడ్ ఏమిటో కొనుగోలుదారుడిని ముందే అడిగి పోల్చుకోండి.

ఫార్మ్ ఏఐ అంటే ఆసియాన్, భారత్ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద ఇచ్చే మూల ధ్రువపత్రం. సరుకు ఇండియాలో పండిందని అది చెబుతుంది, దాన్ని చూపించే కొనుగోలుదారుడు రాయితీ సుంకం అడుగుతాడు. చాంబర్ ఆఫ్ కామర్స్ ఇచ్చే మామూలు మూల ధ్రువపత్రం దీనికి బదులు పనికిరాదు. ఓడ బయలుదేరే సమయానికే తీసుకోండి. ఫైటో సర్టిఫికెట్ ప్లాంట్ క్వారంటైన్ అధికారులు ఇస్తారు, పురుగు, తెగులు లేవని. చెక్క ప్యాలెట్లు వాడితే వాటిని లోపలి భాగం 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉండేలా వేడి చేసి, హెచ్‌టీ ముద్ర వేయించాలి.

మిర్చికి ఇవి కాక స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ కావాలి, దాన్ని సీఆర్‌ఈఎస్ అంటారు. సుడాన్ రంగులు (కల్తీకి వాడే కృత్రిమ రంగులు), అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) పరీక్షల గురించి గుంటూరులోని బోర్డు ఆఫీసులో అడగండి. ఏ దేశం ఎంతవరకు ఒప్పుకుంటుందో దేశాన్ని బట్టి మారుతుంది. యూరప్‌లో మిర్చికి అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు దాటకూడదు. మలేషియా పరిమితి ఎంతో కొనుగోలుదారుడి చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. తాలు కాయ కలవని, బాగా ఎండిన సరుకైతే భయం తక్కువ.

చెన్నైలో జరిగేది క్లుప్తంగా చెబుతాను. ముందు మీ ఐఈసీ, బ్యాంకు ఏడీ కోడ్ (విదేశీ చెల్లింపులు చూసే మీ బ్యాంకు శాఖ నంబరు) కస్టమ్స్ వాళ్ల ఐస్‌గేట్ పోర్టల్‌లో నమోదై ఉండాలి. ఏడీ కోడ్ లేకుండా షిప్పింగ్ బిల్లు పుట్టదు, ఇది ఆఖరి నిమిషంలో చూసుకునే పని కాదు. షిప్పింగ్ బిల్లు మీరు కస్టమ్స్‌కు ఇచ్చే డిక్లరేషన్, బీఎల్ లైన్ మీకు ఇచ్చేది. రెండిటినీ కలగాపులగం చేసుకోకండి. సరుకు సీఎఫ్‌ఎస్‌కు (రేవు దగ్గర కంటైనర్లు నింపే గోదాం) చేరాక, పరీక్ష పడితే అధికారులు కొన్ని టిక్కీలు విప్పి చూస్తారు, లేకపోతే లేదు. అంతా సరిగ్గా ఉంటే లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్, మా భాషలో ఎల్‌ఈవో, వస్తుంది. అప్పుడే సరుకు దేశం దాటడానికి అనుమతి. కంటైనర్ నింపి సీలు వేశాక మొత్తం బరువు వీజీఎంగా (తూచి ధ్రువీకరించిన బరువు) ఇవ్వాలి. 2016 జులై 1 నుంచి అది లేకుండా ఏ ఓడా కంటైనర్ ఎక్కించుకోదు. గేట్ కట్-ఆఫ్ సమయం దాటితే తర్వాతి ఓడే. ఓడ వెళ్లాక లైన్ ఈజీఎం (ఓడలో వెళ్లిన సరుకుల జాబితా) వేస్తుంది. మీరు ఐజీఎస్‌టీ కట్టి ఎగుమతి చేస్తే రీఫండ్ దీని మీదే ఆధారపడుతుంది, ఈజీఎంలో కంటైనర్ నంబరు తప్పు పడినా డబ్బు ఆగిపోతుంది. పన్ను కట్టకుండా పంపాలంటే ఆ ఆర్థిక సంవత్సరానికి ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం) ముందే వేసుకోవాలి. పెట్టుబడి తక్కువున్న కొత్తవాళ్లకు నేను ఎల్‌యూటీయే చెబుతాను.

‘14 రోజులు ఫ్రీ డిటెన్షన్’ గురించి. కంటైనర్ రేవులోనే ఉండిపోతే పడేది డెమరేజ్. రేవు బయటికి తీసుకెళ్లి ఖాళీ పెట్టె తిరిగి ఇవ్వడం ఆలస్యమైతే పడేది డిటెన్షన్. ఒక్కో లైన్ వీటిని ఒక్కోలా లెక్కిస్తుంది. ఈ 14 రోజులు రెండింటికీ కలిపా, ఒక్కదానికేనా అన్నది బుకింగ్ సమయంలోనే లైన్ దగ్గర మెయిల్‌లో రాయించుకోండి. కొనుగోలుదారుడు అడిగింది మీరు ఇస్తానన్నారు, లైన్ మీకు ఇచ్చింది తక్కువైతే ఆ తేడా మీరే కట్టాలి.

ఇందులో కొత్తవాళ్లకు తట్టని ప్రమాదం ఇంకొకటి ఉంది. ఓడ దారిలో ఉండగా మిర్చి ధర పడిపోయి కొనుగోలుదారుడు మొహం చాటేస్తే? బీఎల్ మీద షిప్పర్ మీరు. తీసుకునేవాడు రాకపోతే చార్జీల కోసం లైన్ చివరికి మీ వెంటే పడుతుంది. సరుకు వెనక్కి రప్పించాలన్నా, వేరేవాళ్లకు అమ్మాలన్నా చాలా దేశాల్లో మొదటి కన్సైనీ నుంచి అభ్యంతరం లేదన్న లేఖ అడుగుతారు. ‘టు ఆర్డర్’ అని రాయించమనడానికి ఇదీ ఒక కారణం. అడ్వాన్సు ఎంత అడగాలన్నదానికి నా లెక్క ఒకటే: రెండువైపులా ఓడ కిరాయి, ఒక నెల చార్జీలు, సరుకును తెగనమ్మితే పోయే సొమ్ము, ఇవన్నీ అందులో సరిపోవాలి. మీ విషయంలో 30 శాతం సరిపోతుందో లేదో ఈ అంకెలు వేసి చూసి, చాలకపోతే కొనుగోలుదారుడితో మాట్లాడండి. సరిపోతే, బీఎల్ సంగతులకు అతను ఒప్పుకుంటే, ఆర్డరు తీసుకోవచ్చు.

కలర్ సార్టర్ విషయం. దిగుమతికి కస్టమ్స్ విలువ సీఐఎఫ్ మీద. చైనావాడు ఎఫ్‌ఓబీ ధర ఇస్తే కిరాయి, ఇన్సూరెన్సు కలుపుతారు. వాటి లెక్క తేలకపోతే కిరాయి కింద ఎఫ్‌ఓబీలో 20 శాతం, ఇన్సూరెన్సు కింద 1.125 శాతం వేస్తారు. అందుకే అసలు రసీదులు దగ్గరుండాలి. రూపాయల్లోకి మార్చేది బ్యాంకు రేటుతో కాదు, కస్టమ్స్ ప్రకటించే రేటుతో. ఉదాహరణకు విలువ 10 లక్షలు, బేసిక్ డ్యూటీ 7.5 శాతం అనుకుందాం. అది 75,000. దాని మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి, 7,500. మొత్తం 10,82,500 మీద ఐజీఎస్‌టీ 18 శాతం, 1,94,850. కట్టాల్సింది 2,77,350. ఇందులో ఐజీఎస్‌టీని నిబంధనల మేరకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, మిగతా రెండూ ఖర్చే. మీ మెషీన్ కోడ్‌కు అసలు రేటు ఎంతో బ్రోకర్‌తో సరిచూసుకోండి.

దిగుమతికి వేసే డిక్లరేషన్ పేరు బిల్ ఆఫ్ ఎంట్రీ. మామూలుగా ఓడ వచ్చే రోజుకు ముందు రోజు ముగిసేలోగా వేయాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000, ఆ తర్వాత రోజుకు 10,000 రూపాయలు పడుతుంది. చైనా నుంచి ఓడ కదలగానే ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బీఎల్ కాపీ మీ బ్రోకర్‌కు పంపించేయండి, ఒరిజినల్స్ కొరియర్‌లో వచ్చేదాకా ఆగొద్దు.